పలికిన మాట, నిలిచిన మాట

నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము రెండు వృత్తులకు సంబంధించినది. ఒకటి రేడియోకై జనుల పలుకులను సేకరించు వృత్తి. రెండవది గ్రంథాలయ వృత్తి. మొదటిదానిని విడిచి రెండవదానిని చేపట్టినవాడను నేను. ఏల అట్లు చేసితినో చెప్పుటకు ముందు, మన హైదరాబాదున ఈ రెండును ఎట్లు వెలసినవో మనవి చేసెదను.

ఈ రెంటిలో గ్రంథాలయమే పెద్దది. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము హైదరాబాదున స్థాపితమయ్యెను. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు దానికి పూనుకొనిరి. ఆనాడు నిజాము రాజ్యమున పాలనాభాష ఉర్దూ. తెలుగు చదువరికి కావలసిన పుస్తకము దొరకుట దుర్లభము. ఆ లోటును తీర్చుటకే ఆ నిలయము పుట్టినది.

రేడియో తరువాత వచ్చినది. దక్కను రేడియోను 1935లో నిజాము ప్రభుత్వము తన చేతికి తీసికొనెను. 1950 ఏప్రిల్ 1వ తేదీన అది ఆలిండియా రేడియోలో చేరెను. పుస్తకము అక్షరము నేర్చినవానికే పలుకును. రేడియో చెవియున్న వారికెల్ల పలుకును. రచ్చబండ యొద్ద కూర్చున్న రైతు సైతము లోకవార్త వినగలిగెను.

ఆ మహిమకు లోబడియే నేను రేడియోలో చేరితిని. శంషాబాదు ప్రాంతమున విమానాశ్రయము కట్టుటకు సన్నాహములు జరుగుచున్న దినములలో కాసెట్టు యంత్రము భుజమున వేసికొని ఆ ఊళ్లు తిరిగితిని. ఒక వృద్ధ రైతు వేపచెట్టు నీడను కూర్చుండి తన చేల పేర్లు, బావుల పేర్లు, ఏ వాన ఏ కార్తెలో కురిసినచో ఏ పైరు పండునో గంటసేపు చెప్పెను. అందులో కొంతభాగము ప్రసారమయ్యెను. మిగిలినది నా కాసెట్టులోనే యుండెను.

2008 మార్చి 23వ తేదీన అక్కడ విమానముల రాకపోకలు ఆరంభమయ్యెను. సుమారు 5,500 ఎకరముల నేల రూపు మారెను. కొన్నాళ్లకు ఆ వృద్ధుని కుమారుడు నా యొద్దకు వచ్చి, “అయ్యా, మా నాయన పోయినాడు. చేను లేదు, బావి లేదు. ఆయన గొంతైనా ఒకసారి వినిపించండి” అని అడిగెను. నేను పెట్టెలన్నియు వెదకితిని. కాసెట్టుపై “శంషాబాదు” అనియే వ్రాసియుంటిని. అట్టివి పండ్రెండు గలవు. తుదకు దొరికినదానిలో ఎవరిదో సభోపన్యాసము వినబడెను. తొందరలో పాతదానిపై కొత్తది ముద్రించినవాడను నేనే. ఆ యువకుడు నన్నొక మాటయు అనక వెడలిపోయెను.

నాటి రాత్రి నాకు నిదుర రాలేదు. మాటను పట్టుట నేర్చితినిగాని దాచుట నేర్వలేదని తెలిసికొంటిని. అంతట గ్రంథాలయ శాస్త్రము చదువ నారంభించితిని. ఆ శాస్త్రమునకు మన దేశమున గురువైన రంగనాథన్ మహాశయుడును వృత్తి మార్చినవాడే. గణితోపాధ్యాయుడైన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యయ్యెను. 1931లో తన పంచసూత్రములను ప్రకటించెను. వాని సారము నాకు తోచినంతవరకు ఇది: దాచుట దాపరికమునకు గాదు, అడిగినవానికి ఆలస్యము లేక అందించుటకు.

ధ్వనికిని ఇదియే న్యాయము. ఎవరు పలికిరి, ఎక్కడ, ఏనాడు, ఏ విషయమై, అను నాలుగు సంగతులును పట్టికలో లేనిచో ఎంతటి గొప్ప మాటయైనను పోయినదానితో సమానము. నేడు నా పని ఇట్టి పట్టికలు వ్రాయుటయే. ఆ వృద్ధుని గొంతు నేను తిరిగి తేలేను. మరియొకరి గొంతు నా చేతిలో నశింపకుండ చూడగలను.

పెద్దలారా! మీ యిండ్లలో ముసలివారి పాటలో, మాటలో ముద్రించియుంచిన యెడల నేడే వానిపై పేరు, ఊరు, తేదీ వ్రాయుడు. మీ చేల పేర్లును ఒక పుస్తకమున వ్రాసి ఊరి గ్రంథాలయమున ఉంచుడు. అడుగుటకు మీ మనుమడు ఏనాడో ఒకనాడు తప్పక వచ్చును.