గాలిలో వాటా

సెమినార్లంటే నాకు పెద్దగా నమ్మకం ఉండేది కాదు. టీ, బిస్కెట్లు, గ్రూప్ ఫోటో, అంతే కదా అనుకునేవాణ్ణి. కమ్యూనిటీ రేడియో చరిత్ర చదివాక ఆ అభిప్రాయం కొంచెం మారింది.

కథ క్రికెట్‌తో మొదలవుతుంది. 1993 హీరో కప్ ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్రానికీ గొడవ వచ్చింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తేల్చింది: ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి. ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ పి.బి. సావంత్. ఆ ఆగస్టులోనే ఈటీవీ వచ్చింది, మరుసటి ఏడాది అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ తెరుచుకుంది. పెట్టుబడి ఉన్నవాళ్లకి దారి దొరికింది. మరి మిగతా ప్రజల వాటా సంగతి?

ఈ ప్రశ్నని పట్టుకుని కూర్చున్నవాళ్లలో ఓఆర్‌ఆర్‌కి అవతలి కొసన, గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ విభాగం వాళ్లున్నారు. అయితే జవాబు తయారవుతున్నది క్లాస్‌రూమ్‌లో కాదు, జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలకి అక్కడ 1998లోనే యునెస్కో సాయంతో స్టూడియో ఉంది. లేనిది లైసెన్సు. అందుకని విత్తనాలు, వైద్యం, పాటలు అన్నీ క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో వినిపించేవాళ్లు. 2000లో వాళ్ల దగ్గరే, పస్తాపూర్‌లో, కమ్యూనిటీ రేడియో మీద జాతీయ స్థాయి చర్చ జరిగింది.

2002లో ప్రభుత్వం తలుపు కొద్దిగా తీసింది, కానీ విద్యాసంస్థలకి మాత్రమే. అంటే మాట్లాడే అర్హత డిగ్రీతో వస్తుందన్నమాట! స్వచ్ఛంద సంస్థలకి అనుమతి రావడానికి 2006 నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆ విభాగానికి చెందిన వినోద్ పావరాల, కాంచన్ మాలిక్ ఈ పోరాటాన్నంతా 'అదర్ వాయిసెస్' అనే పుస్తకంగా తెచ్చారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాల్లోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరో కాదు, ఆ జస్టిస్ సావంతే. తీర్పుకీ ప్రసారానికీ మధ్య పదమూడేళ్లు! మైకు ముందు కూర్చున్నది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ.

2011లో కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం హెచ్‌సీయూకి వచ్చింది. చర్చలకి, ప్రసంగాలకి ఒక స్థిరమైన చోటు దొరికింది.

సెమినార్ల వల్లే రేడియో వచ్చిందని నేననను. "ఊరి ఆడవాళ్లు స్టేషన్ నడపగలరా?" అని ఢిల్లీలో ఎవరైనా అడిగితే, పదేళ్ల క్యాసెట్లే జవాబు. కానీ ఆ జవాబుని పాలసీ భాషలోకి మార్చి, అధికారుల బల్ల మీద పెట్టడానికి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండాలి. యూనివర్సిటీ చేసిన పని అది.

ఇప్పటికీ కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తల్నే తిరిగి వినిపించాలి. ఊళ్లో నిన్న ఏం జరిగిందో ఆ ఊరి రేడియో వార్తగా చెప్పలేదు. కాబట్టి ఇంకొన్ని సెమినార్లు జరగాల్సిందే. ఈసారి టీ, బిస్కెట్ల గురించి నేనేమీ అనను.