ఆకలి మరచిన నీలం

మదనపల్లె చేరిన నీలి రిబ్బన్ ఈల్ చేప బతకదు. ఆ మాట ముందే చెప్పాలి. ఆశ పెట్టి కథ నడిపితే ఆ మూగజీవికి అన్యాయం చేసినట్టే. దానికి పేరు లేదు. దాన్ని తెచ్చుకున్న ఇంటి పేరూ ఇక్కడ అక్కర్లేదు. ఏ ఊరి అక్వేరియంలోనైనా దాని చావు దాదాపు ఒక్కలాగే ఉంటుంది.

పుట్టినప్పుడు అది వెలుతురు కూడా ఆగనంత పలుచని పిల్ల. ప్రవాహాలు ఎటు మోస్తే అటు తేలి తేలి, చివరికి ఏ పగడపు దిబ్బ పక్కనో ఇసుకలో బొరియ చూసుకుంటుంది. పసితనంలో ఒళ్లు నలుపు, వెన్నురెక్క పసుపు. మగదయ్యాక ఒళ్లంతా నీలం. ఇంకా పెరగనిస్తే ఆడదై పచ్చగా పండుతుంది. మన చేతికి చిక్కినదానికి ఆ వయసు రాదు.

చెన్నై కొళత్తూరులో రంగు చేపల అంగళ్లు బారులు తీరి ఉంటాయి. అక్కడ గాజు వెనక అది తల ఒక్కటి బయటపెట్టి, ముక్కు కొసన రెండు రేకులు విప్పుకుని, నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. కోపమనుకుంటారు చూసేవాళ్లు. కాదు, అది ఊపిరి తీసుకోవడం. ఆ నీలం చూశాక మనిషి మనసు నిలవదు. ‘ఏం తింటాదన్నా?’ అని అడుగుతాడు గానీ, ‘నా కళ్ల ముందర ఒకసారి తినిపించన్నా’ అనడు. ఆ ఒక్క మాట పెదవి దాటి ఉంటే!

పక్క తొట్టిలోనే స్నోఫ్లేక్ ఈల్ ఉంటుంది. తెలుపు మీద నల్ల మచ్చలు, నడుమ పసుపు చుక్కలు. రొయ్యలనూ పీతలనూ విడవదు గానీ పగడాల జోలికి పోదు. వేసిన రొయ్యముక్క అందుకుని ఏళ్ల తరబడి బతికే జాతి. చూపు దాని మీద ఆగదు, నీలం వైపే పోతుంది.

కొన్న నీలి ఈల్ ఆక్సిజన్ నింపిన సంచిలో రైలెక్కి కుప్పంలో దిగుతుంది. అక్కడి నుంచి 42వ నంబరు జాతీయ రహదారి. పలమనేరు, పుంగనూరు దాటి, దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెకు. కడలి బిడ్డ కడలికి ఎంతో దూరమవుతుంది.

ఆ ఇంట్లో ప్రేమకు కొదవ లేదు. ఇదే గుండెను పిండే సంగతి. బోరునీళ్లు పనికిరావని ఆర్‌ఓ నీళ్లు పడతారు. లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు కలుపుతారు. కరెంటు పోతే పంపు ఆగిపోకుండా ఇన్వర్టరు. ఈల్ దూరి దాగుండేందుకు ఇసుకలో పైపు. సందు దొరికితే పైకి పాకి నేల మీద ఎండిపోతుందని మూతకు వల.

అన్నీ ఉంటాయి. అది తినదు.

రొయ్యముక్కను పుల్లకు గుచ్చి ముక్కు ముందు ఆడిస్తారు. తల వెనక్కి తీసుకుంటుంది. బతికున్న గప్పీలను వదులుతారు. అవి ముందు నుంచే ఈదిపోతాయి. ఒకనాడు నోరు కాస్త ముందుకు సాగుతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబడతారు, మళ్లీ పైపులోకి. ఆ రోజైనా, సాకడం తెలిసినవాళ్ల తొట్టికి తరలిస్తే ఏమయ్యేదో. రేపు తింటుందిలే అనుకుంటారు. నీలం మసకబారుతుంది, వెన్ను గీతలా తేలుతుంది. చెరలో పడ్డ రిబ్బన్ ఈల్స్‌లో చాలావాటికి నెల తిరగదు. ఏ మందూ ఆకలిని తిరిగి తేలేదు.

ఆ ఇంటివాళ్లు దాన్ని పెరట్లో పూడ్చి ఏడుస్తారు. వాళ్లను నిందించడానికి నాకు నోరు రాదు. కానీ ఆ ఏడుపు అంగడిదాకా వినిపించదు. అమ్మకానికి వచ్చే రిబ్బన్ ఈల్స్ దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. అంగడికి తెలిసేది ఒక్కటే, నీలం అమ్ముడుపోయిందని. ఆ ఖాళీ నింపడానికి ఏ దిబ్బ పక్కనో మరో బొరియలోకి చెయ్యి పోతుంది.