దూత పెట్టిన భోజనం

బెయేర్షెబా దాటి ఒక దినపు ప్రయాణం ఎడారి లోపలికి వచ్చేశారు మీరు. ఇక్కడ ఊరు లేదు, బావి లేదు. కాళ్ల కింద చెకుముకి రాళ్లు, వాటి మధ్య పసుపుపచ్చ దుమ్ము. ఎండ నెత్తిమీదే కాదు, నేలనుంచి కూడా కొడుతోంది. నీడ అని చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క పొద. మన బైబిల్లో బదరీ వృక్షమని చదువుకున్నది దీన్నే. మనిషి కంటే కాస్త ఎత్తు. అన్నీ సన్నని పుల్లలే, ఆకులు వెతుక్కోవాలి. దాని నీడలో సగం ఎండే.

ఆ సగం నీడలో ఒకాయన కూర్చున్నాడు. దగ్గరికి వెళ్లండి. భుజాన దుప్పటి, నడుముకు తోలు దట్టి. పనివాణ్ణి బెయేర్షెబాలోనే వదిలేసి ఒంటరిగా వచ్చాడు. పెదవులు కదులుతున్నాయి, వంగి వినండి. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతున్నాడు. నా పితరులకంటే నేనేమీ గొప్పవాణ్ణి కాను అంటున్నాడు.

ఈయన ఏలీయా. కర్మెలు కొండమీద 450 మంది బయలు ప్రవక్తల ఎదుట ఒక్కడే నిలబడ్డవాడు. ఈయన ప్రార్థిస్తే ఆకాశంనుంచి అగ్ని దిగింది. ఏళ్ల కరువు తర్వాత వాన వచ్చింది. ఆ వానలోనే అహాబు రాజు రథానికి ముందు యెజ్రెయేలు దాకా, సుమారు 25 కిలోమీటర్లు పరుగెత్తాడు. అక్కడ యెజెబెలు రాణి నుంచి కబురు అందింది: రేపు ఈ వేళకు నిన్ను చంపిస్తాను. లేచి దక్షిణానికి బయలుదేరాడు. బెయేర్షెబాకు 150 కిలోమీటర్ల పైచిలుకు. అది యూదా రాజ్యంలోది, యెజెబెలు ఏలుబడి అక్కడ లేదు. ప్రాణభయమొక్కటే అయితే అక్కడ ఆగేవాడు. ఆగలేదు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌కు మూడు గుర్తులు చెప్పింది: సత్తువంతా ఇంకిపోవడం, చేసే పనికి మనసు దూరమైపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోయాననిపించడం. ఏలీయా ముఖం చూడండి. ఇప్పుడే విన్న ఆ రెండు మాటలు మళ్లీ తలచుకోండి. మూడూ ఇక్కడే ఉన్నాయి.

ఆయన పక్కకు ఒరిగి నిద్రపోయాడు. లేపకండి.

ఇలాంటి మనిషిని మన సంఘాల్లో ఏం చేస్తామో నాకు తెలుసు, అందుకే ఈ చోట ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. ఆదివారం రెండు ఆరాధనలు, శుక్రవారం ఉపవాస కూడిక, నెలకోసారి రాత్రంతా ప్రార్థన, మధ్యలో ఆసుపత్రి పరామర్శలు, సమాధి కార్యక్రమాలు, అర్ధరాత్రి ఫోన్లు. ఇవన్నీ మోసిన పాస్టరుగారు ఒకనాడు నోరు తెరిచి, నావల్ల కావడం లేదంటే, “ప్రార్థన తగ్గింది అయ్యగారూ, మూడు రోజులు ఉపవాసం పట్టండి” అంటాం. వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించే అమ్మగారు తిన్నదో లేదో అడగం. ఉపవాసం మంచిదే. కానీ ఈ ఎడారిలో దేవుడు తన సేవకుడికి ఏం పంపాడో చూడండి.

ఎవరో ఆయన్ను ముట్టుకున్నారు. మాట కంటే ముందు చెయ్యి. దూత. ఏలీయా కళ్లు తెరిచాడు. తల దగ్గర నిప్పులమీద కాల్చిన రొట్టె, పక్కన నీళ్లబుడ్డి. రొట్టె వాసన మీకూ తగులుతోంది. దూత చెప్పింది ఒక్కటే: లేచి తిను. కర్మెలు సంగతి గుర్తు చేయలేదు. నీ విశ్వాసం ఏమైంది అనలేదు. చావు కోరుకున్నందుకు గద్దించలేదు. ఏలీయా తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దానికీ దూత ఏమీ అనలేదు. రెండోసారి వచ్చి తట్టి లేపి మళ్లీ తినమన్నాడు. ముందున్న ప్రయాణం నీ శక్తికి మించింది, అందుకని.

చనిపోవాలనిపిస్తోందని ఒక విశ్వాసి మీతో అంటే, దయచేసి వాక్యం ఎత్తిచూపి గద్దించకండి. పక్కన కూర్చోండి. అన్నం పెట్టండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. ఆ దూత చేసిన పని అదే.

ఇక నడక, దేవుని కొండ అయిన హోరేబుకు. హోరేబు అని సంప్రదాయం చూపించే కొండ సీనాయి ద్వీపకల్పానికి దక్షిణాన ఉంది, బెయేర్షెబా నుంచి సూటిగా గీత గీస్తే సుమారు 300 కిలోమీటర్లు. ఓపికున్న మనిషి రెండు మూడు వారాల్లో చేరగలడు. ఏలీయాకు 40 పగళ్లు, 40 రాత్రులు పట్టాయి. త్వరపెట్టినవాళ్లు లేరు.

ఇప్పుడు హోరేబు మీద గుహలో ఉన్నారు మీరు. బయట గాలి బండల్ని పగలగొడుతోంది. కొండ కంపించింది. తర్వాత అగ్ని. కర్మెలు మీద జవాబిచ్చిన అగ్నిలో ఈసారి యెహోవా లేడు. అంతా అణిగాక మెల్లని స్వరం. ఏలీయా దుప్పటితో ముఖం కప్పుకుని గుహవాకిట నిలబడ్డాడు. ఇక్కడేం చేస్తున్నావని గాలి రాకముందు అడిగిన ప్రశ్నే మళ్లీ వచ్చింది. ఆయన కూడా అప్పుడు చెప్పిందే మళ్లీ చెప్పాడు, మాట మారలేదు: నేనొక్కణ్ణే మిగిలాను, నా ప్రాణం తీయాలని చూస్తున్నారు.

ఈ చోటు నాకు ప్రాణం. దేవుని స్వరం విన్న తర్వాత కూడా ఆయన బాధ అలాగే ఉంది, దేవుడు దానికి విసుక్కోలేదు. మూడు పనులు అప్పగించాడు: సిరియా మీద హజాయేలును, ఇశ్రాయేలు మీద యెహూను రాజులుగా అభిషేకించు, నీకు బదులు ప్రవక్తగా ఉండడానికి ఎలీషాను అభిషేకించు. బయలుకు మోకరించనివాళ్లు ఇంకా 7,000 మంది ఉన్నారని కూడా చెప్పాడు. ఒక్కణ్ణే అనుకున్న మనిషికి ఆ లెక్క కావాలి.

యొర్దాను లోయకు దిగండి. ఎలీషాది ఆబేల్మెహోలా. పొలంలో పన్నెండు అరకలు సాగుతున్నాయి. పన్నెండోది తోలుతున్న మనిషి దగ్గరికి ఏలీయా వెళ్లి, నడుస్తూనే తన దుప్పటి ఆయన మీద వేశాడు. ఎలీషా ఎద్దుల్ని వదిలి వెంట పరుగెత్తాడు. తన కాడి ఎద్దుల్ని కోసి, ఆ కాడి కర్రలతోనే వండి, జనానికి పెట్టి, ఏలీయా వెంట నడిచాడు, పరిచర్య చేస్తూ.

హజాయేలుకు రాజువవుతావని దమస్కులో చెప్పింది ఎలీషా. యెహూ తలమీద తైలం పోసింది ఎలీషా పంపిన యువకుడు. ఆ మూడు పనుల్లో ఏలీయా తన చేత్తో చేసింది ఈ దుప్పటి వేయడం ఒక్కటే.