ఆశీలు ఎటు పోయాయి? బెజవాడ బజారు డబ్బు కథ

ఈ ఎపిసోడ్ ఒక పాత మాటతో మొదలుపెడదాం: ఆశీలు.

సిటీల్లో అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్లు ఈ మాట విని ఉండకపోవచ్చు. కృష్ణా, గుంటూరు వైపు సంతలో కూరగాయలు అమ్మే ఏ మామ్మగారిని అడిగినా చెప్తారు. పొద్దున్నే గంప దించీ దించగానే ఒకతను రసీదు పుస్తకం పట్టుకుని వస్తాడు. చీటీ చింపి చేతిలో పెడతాడు, డబ్బులు తీసుకుని పక్క గంప దగ్గరికి పోతాడు. ఆ రోజు అక్కడ కూర్చుని అమ్ముకున్నందుకు ఊరికి కట్టే సుంకం అది. అరబ్బీలో హాసిల్ అంటే రాబడి. ఆ మాటే మన దగ్గరికొచ్చి ముందున్న 'హ'ని పోగొట్టుకుని ఆశీలు అయింది.

నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది ఏంటంటే, ఆ చీటీ మీద రేటు ఉంటుంది, తేదీ ఉంటుంది, డబ్బు కట్టిన మనిషి పేరు మాత్రం ఉండదు. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. నూట ముప్పై ఏళ్ల కథ దీని చుట్టూనే తిరుగుతుంది.

బెజవాడ మొదట్నించీ పెద్ద ఊరేం కాదు. డెల్టాలో పెద్ద ఊరంటే బందరే. ఓడరేవు అక్కడ, కలెక్టర్ అక్కడ. 1864 నవంబరు తుఫానులో బందరు సగం తుడిచిపెట్టుకుపోయింది, 30 వేల మంది చనిపోయారంటారు. అంత దెబ్బ తిన్నా 1866 కల్లా అక్కడ మునిసిపాలిటీ వచ్చింది. బెజవాడకి రావడానికి ఇంకో 22 ఏళ్లు పట్టింది.

ఆ మధ్యలో బెజవాడని ఊరు చేసింది నీళ్లూ పట్టాలూ. 1852లో కృష్ణ మీద ఆనకట్ట మొదలై 1855లో పూర్తయింది. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు. ఇక్కడ దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. ఆనకట్ట కాలువలు పొలాలకి నీళ్లివ్వడంతో ఆగలేదు, పడవలు కూడా నడిచాయి. డెల్టాలో పండిన వడ్లు పడవల మీద బెజవాడ చేరేవి. 1888 ఏప్రిల్ 1న మునిసిపాలిటీ పెట్టారు. మరుసటి ఏడాదే నిజాం రైలు వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు బ్రిడ్జి పడింది. 1901 లెక్కల్లో ఊరి జనాభా 24,224. ఇవాళ మన ఊళ్లో రెండు డివిజన్లు కలిపితేనే అంతమంది ఉంటారు.

సరే, ఊరొచ్చింది, బజారొచ్చింది. కొండకీ కాలువకీ మధ్య ఇరుకు సందుల్లో హోల్‌సేల్ కొట్లు పడ్డాయి. అదే మన వన్‌టౌన్. రైలు కట్టకి ఇవతల గవర్నర్‌పేట, గాంధీనగర్ తర్వాత పెరిగాయి. 1921లో పోతిన శ్రీనివాసరావు గారు మారుతీ టాకీస్ పెట్టారు. ఆంధ్రలో మొదటి సినిమా హాలు అదే. హాలు ఉన్నచోట సోడా బండి, వేరుశనక్కాయల బండి ఉంటాయి కదా. అనీ బిసెంట్ పేరు పెట్టిన బీసెంట్ రోడ్డు అయితే చెప్పనక్కర్లేదు, పండగ ముందు అక్కడ నడవాలంటే భుజం భుజం తగలాల్సిందే.

ఇక్కడొక చిక్కుంది. ఊరి నడిబొడ్డు మొత్తం మునిసిపాలిటీది కాదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచి పోతాయి, వాటి గట్లు ఇరిగేషన్ వాళ్లవి. స్టేషన్ చుట్టూ నేల రైల్వేది. మధ్యలో మిగిలిన రోడ్డు మునిసిపాలిటీది. అంటే ఒక జామకాయల బండి వంద అడుగులు జరిగితే యజమాని మారిపోతాడు. ఒకాయన పొమ్మంటాడు, ఒకాయన రసీదు రాస్తాడు.

మునిసిపాలిటీకి డబ్బు ఎక్కణ్నించి వచ్చేది? ఇంటి పన్ను, నీటి పన్ను, లైసెన్సు ఫీజులు, మార్కెట్లు. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం ప్రకారం మునిసిపాలిటీ మార్కెట్ పెట్టొచ్చు, కూర్చున్నవాళ్ల దగ్గర రుసుము తీసుకోవచ్చు, ఆ వసూలు పనిని వేలం వేసి ఒకరికి అప్పజెప్పొచ్చు కూడా. మన కథలో మలుపు ఈ వేలమే. ఆంధ్ర వచ్చాక చేసిన 1965 మునిసిపాలిటీల చట్టంలోనూ ఆ పద్ధతి కొనసాగింది.

వేలం ఎలా పనిచేస్తుందో చూడండి. ఏడాదికి ఇంత అని పాటదారు పాడతాడు, ఆ డబ్బు మునిసిపాలిటీకి కడతాడు. ఆ తర్వాత బజారులో వసూలయ్యే ప్రతి రూపాయీ అతనిదే. మునిసిపాలిటీకి ఏడాది మొదట్లోనే ఖాయమైన అంకె దొరికింది, హ్యాపీ. పాటదారుకి లాభం కావాలంటే ఎక్కువమంది దగ్గర, వీలైతే బోర్డు మీది రేటు కంటే ఎక్కువ వసూలు చేయాలి. బోర్డు మీద ఒక రేటు, చేతిలో ఇంకో రేటు అనే గొడవ మన పేపర్లలో జిల్లా పేజీ చదివేవాళ్లకి కొత్తేం కాదు.

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి నాకు ఇంకోటి కనిపిస్తుంది. వసూలుని బయటివాడికి ఇచ్చేస్తే డబ్బొస్తుంది, డేటా రాదు. బజారులో ఎంతమంది కూర్చుంటున్నారు, ఎవరు ఇరవై ఏళ్లుగా ఉన్నారు, ఎవరు నిన్న వచ్చారు, ఇవేవీ ఆఫీసుకి తెలియవు. ఒకామె ముప్పై ఏళ్లు రోజూ ఆశీలు కట్టినా, ఆమె అక్కడ వ్యాపారం చేసినట్టు రుజువుగా మిగిలేది ఏమీ ఉండదు.

పక్కా గది ఉన్నవాళ్ల కథ కొంచెం నయం. కాళేశ్వరరావు మార్కెట్ తీసుకోండి. అయ్యదేవర కాళేశ్వరరావు గారు బెజవాడ మునిసిపల్ ఛైర్మన్‌గా చేశారు, తర్వాత ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి మొదటి స్పీకర్ అయ్యారు. మార్కెట్‌కి పెట్టింది ఆయన పేరే. మునిసిపల్ మార్కెట్‌లో గది ఉన్నవాడికి లీజు కాగితం ఉంటుంది, దాని మీద పేరుంటుంది. రెన్యువల్‌లో అద్దె పెంచితే కోర్టుకైనా వెళ్లొచ్చు. గది బయట మెట్ల మీద కూర్చున్న కొత్తిమీర ఆవిడకి ఆ ఛాన్స్ లేదు. బిల్డింగ్ ఒకటే, బేరం చేసే బలం మాత్రం ఆకాశానికీ నేలకీ ఉన్నంత తేడా.

ఇదే ఊళ్లో పూర్తిగా వేరే రూల్ మీద నడిచే చోటు ఒకటుంది: ఆటోనగర్. 1960ల్లో పటమట వైపు మెకానిక్కుల కోసం వెలిసింది. లారీ బాడీ కట్టే వడ్రంగులు, లేత్ మెషీన్ వాళ్లు, పెయింటర్లు, పాత స్పేర్ల కొట్లు అన్నీ ఒక్కచోట. ఇలాంటి పారిశ్రామికవాడలకి మన రాష్ట్రంలో ఐలా అనే ఏర్పాటు ఉంది. అక్కడి పన్ను ఐలాయే వసూలు చేస్తుంది. అందులో 35 శాతం పక్కనున్న స్థానిక సంస్థకి ఇచ్చి, 65 శాతం ఆ వాడలోనే రోడ్లకీ డ్రైన్లకీ లైట్లకీ ఖర్చుపెట్టాలి. ఆటోనగర్ రోడ్లన్నీ అద్దంలా ఉన్నాయని నేననట్లేదు, వానాకాలంలో వెళ్లి చూడండి. కానీ రోడ్డు బాలేకపోతే అక్కడి మెకానిక్ "నా 65 శాతం ఏది" అని అడగగలడు. బీసెంట్ రోడ్డులో దువ్వెనలమ్మే ఆయనకి అలా అడగడానికి చేతిలో అంకె లేదు.

ఈ ఐడియా ఎంత దూరం వెళ్లిందో చూద్దాం. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే టొరంటోలో బ్లోర్ స్ట్రీట్ అని ఒక బజారు వీధి ఉంది. 1960ల్లో దాని కింద మెట్రో రైలు వేశారు. పైన ట్రామ్ దిగి షాపింగ్ చేసే జనం భూమి కిందకి పోయారు, వీధి వెలవెలబోయింది. కొట్లవాళ్లు కూర్చుని ఒక మాట అనుకున్నారు: మా దగ్గర కొంచెం అదనపు పన్ను తీసుకోండి, సిటీయే వసూలు చేయండి, మళ్లీ అదంతా మా వీధి కమిటీకే ఇచ్చేయండి. 1970లో అది చట్టమైంది. ప్రపంచంలో ఈ పద్ధతికి మొదటి వీధి అదేనని అంటారు. ఆ డబ్బుతో లైట్లు, బెంచీలు, చెట్లు పెట్టుకున్నారు. అక్కడ కూడా ఒక లోపముంది. అది షట్టర్లున్న కొట్లవాళ్ల కమిటీ. మన బజారులో సగం ప్రాణం షట్టర్ లేనివాళ్లదే.

మరి మన రాజ్యాంగం ఏమంటుంది? 1992లో పంచాయతీలకీ మునిసిపాలిటీలకీ కలిపి రెండు సవరణలు చేశారు, 73, 74. పంచాయతీలకిచ్చిన 11వ షెడ్యూల్‌లో 29 అంశాలున్నాయి. అందులో చిన్న పరిశ్రమలు ఉన్నాయి, మార్కెట్లు, సంతలు అని విడిగా కూడా రాశారు. పట్టణాలకిచ్చిన 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు. వధశాలలు ఉన్నాయి, శ్మశానాలు ఉన్నాయి, పార్కింగ్ ఉంది. మార్కెట్ అనే మాట లేదు! మార్కెట్ వల్లే పుట్టిన ఊళ్లకి రాసిన లిస్టులో మార్కెట్ లేకపోవడం నాకైతే విచిత్రంగా అనిపించింది.

ఆ తర్వాత పెద్ద నిధులు రాలేదా అంటే వచ్చాయి. 1981లో కార్పొరేషన్ అయిన విజయవాడ, 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ మిషన్ ఊళ్లలో ఒకటి. ఇళ్లు, నీళ్లు, డ్రైనేజీ వైపు డబ్బు పోయింది. అవసరమే. బజారు అనే హెడ్డింగ్ మాత్రం ఎప్పుడూ చిన్నదే.

చిన్న వ్యాపారి వైపు చట్టం తిరిగింది 2014లో. వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఊరి జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకి చోటు చూపించాలి. విజయవాడ జనాభా 2011లోనే 10 లక్షలు దాటింది, అంటే 25 వేల మందికి పైగా. ప్రతి ఊళ్లో వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వ్యాపారులే, ఎన్నికల ద్వారా. అయిదేళ్లకోసారైనా సర్వే. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. అంటే వందేళ్లలో తయారు కాని పేర్ల లిస్టు ఇప్పుడు తయారు చేయమన్నారు!

ఆ లిస్టు విలువ కోవిడ్‌లో తెలిసింది. 2020 జూన్‌లో కేంద్రం స్వనిధి తెచ్చింది. మొదట 10 వేల అప్పు, కట్టేస్తే 20 వేలు, ఆ తర్వాత 50 వేలు. 7 శాతం వడ్డీ రాయితీ, ఫోన్‌లో పేమెంట్లు తీసుకుంటే నెలకి 100 దాకా క్యాష్‌బ్యాక్. బండి మీద క్యూఆర్ కోడ్ అంటించుకున్నది అప్పుడే. అదే ఏడాది నవంబరులో రాష్ట్రం జగనన్న తోడు పేరుతో 10 వేలు వడ్డీ లేకుండా ఇప్పించింది. డబ్బు బ్యాంకుది, వడ్డీ ప్రభుత్వానిది. మరి ఊరి ఆఫీసు పని? ఈ మనిషి నిజంగా వీధి వ్యాపారే అని ధ్రువీకరించడం. సర్వేలో పేరు లేనివాళ్లకి సిఫారసు లెటర్ ఇవ్వాలి. మూడు దశాబ్దాలు ఆశీలు కట్టిన మనిషి, తను వ్యాపారినేనని ఆ ఆఫీసు ముందే రుజువు చేసుకోవాలన్నమాట.

తర్వాత 2024 సెప్టెంబరు 1. బుడమేరు పొంగింది, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. చిన్న పనులు, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు ఎక్కువగా ఉండే పేటలు అవి. బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు. ప్రభుత్వం ప్యాకేజీ ప్రకటించింది: కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తుకి 10 వేలు, చిన్న దుకాణానికి 25 వేలు, చిన్న పరిశ్రమలకి టర్నోవర్‌ని బట్టి 50 వేల నుంచి లక్షన్నర. ఇంత త్వరగా, ఇంత నేరుగా చిన్న కొట్టుకి డబ్బు రావడం ఈ ఊరి చరిత్రలో అరుదు, ఒప్పుకోవాలి. కానీ లిస్టులో పేరు లేదంటూ కలెక్టరేట్ దగ్గర పెద్ద పెద్ద క్యూలు కూడా చూశాం. ఇంటికి డోర్ నంబరుంది, కొట్టుకి కరెంటు మీటరుంది. ఇంట్లో పెట్టుకున్న ఇడ్లీ బండి, దాని మీది స్టవ్వు, కింద పేర్చిన బియ్యం బస్తాలు ఏ రికార్డులో ఉంటాయి?

మధ్యలో స్వరాజ్ మైదానం సంగతి ఒక్క నిమిషం. పాతవాళ్లు దాన్ని పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అంటారు, ఇరిగేషన్ వాళ్ల నేల. అక్కడ రైతు బజారు నడిచింది, పుస్తకాల పండగ నడిచింది. రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి, రైతు అక్కడ ఆశీలు కట్టక్కర్లేదు. అంటే వసూలు లేకుండా కూడా మార్కెట్ నడపొచ్చని మన రాష్ట్రమే చూపించింది. 2024 జనవరిలో ఆ మైదానంలో 206 అడుగుల అంబేద్కర్ స్మారకం మొదలైంది. స్మారకం గొప్పగా ఉంది, చూడాల్సిందే. ఊరి నడిబొడ్డున ఎవరైనా పది రోజులు టెంట్ వేసుకుని అమ్ముకోగల నేల మాత్రం అక్కడ ఇంక లేదు.

2025 ఆగస్టులో స్వనిధిని మార్చారు. మొదటి అప్పు 15 వేలు, రెండోది 25 వేలు, పథకం 2030 మార్చి దాకా. అంకె పెరిగింది, ఊరి ఆఫీసు ధ్రువీకరణ అవసరం పోలేదు.

మీ ఊళ్లో పరిస్థితి తెలుసుకోవాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, మునిసిపల్ ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు. మూడు ప్రశ్నలు చాలు. పోయిన ఏడాది మార్కెట్లు, ఆశీళ్ల మీద ఎంత వచ్చింది? అదే ఏడాది ఆ మార్కెట్లలో మరుగుదొడ్లు, నీళ్లు, లైట్లు, నీడ కోసం ఎంత ఖర్చయింది? వీధి వ్యాపారుల చివరి సర్వే ఏ తేదీన పూర్తయింది, అందులో ఎన్ని పేర్లున్నాయి? 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన కాగితం ఫోటో తీసి నాకు పంపండి, ఊరి పేరుతో సహా ఒక ఎపిసోడ్‌లో పక్కపక్కన పెట్టి చూద్దాం.