పొదుపు భారము

1931 ఆగస్టు 24 న ఇంగ్లండులో కార్మికపక్ష నాయకుఁడగు రామ్సే మాక్డొనాల్డు కన్సర్వేటివు, లిబరలు పక్షములవారితోఁ గూడి సంయుక్తప్రభుత్వము నేర్పఱచెను. పౌనునకుఁ గల బంగారపు విలువ నిలుపుటకై నిరుద్యోగుల భృతిని నూటికిఁ బదివంతులు తగ్గించెను. కొందఱు నావికుల జీతము నాలుగవవంతు తగ్గింపఁబోఁగా, సెప్టెంబరులో ఇన్వర్‌గార్డను రేవున వారు పని మానిరి. వారములోనే ఆ కోఁత నూటికిఁ బదికి మించదని ప్రభుత్వ మొప్పుకొనెను. సెప్టెంబరు 21 న బంగారుప్రమాణమును విడువనే విడిచిరి. భృతిలోని కోఁత మాత్రము 1934 వఱకు నిలిచెను.

అయినను అక్టోబరు 27 నాఁటి యెన్నికలలో 615 స్థానములలో 554 ఆ ప్రభుత్వమునకే లభించెను. ఇదియుఁ బ్రజాభిప్రాయమే యని మే మంగీకరింతుము. కాని ఓట్ల లెక్కలో భారము మోసినవాని గొంతు వేఱుగా వినఁబడదు. పొదుపును మెచ్చుటకు ముందు అది యెవరి కంచమునుండి తీయఁబడినదో విచారించుట విజ్ఞుల కర్తవ్యము.