టేపు నుంచి డిస్కుకు: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

మూలవాక్యం: ఏ పద్ధతిలో రికార్డయిందో తెలుసుకుని, టేపును తగిన వీసీఆర్‌లో నడిపి, క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటర్‌లోకి తెచ్చి, డిస్కుకు ఎక్కించాలి.

కెనడాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో రెండు రకాల టేపులు ఉంటాయి. ఊరి నుంచి తెచ్చుకున్న పెళ్లి వీడియోలు ఒక రకం, ఇక్కడ కామ్‌కార్డర్‌తో తీసిన పిల్లల పుట్టినరోజులు రెండో రకం. ఈ రెంటినీ దృష్టిలో పెట్టుకుని పై వాక్యాన్ని మాట మాటగా చూద్దాం.

పద్ధతి: భారతదేశంలో వీడియో ప్యాల్ పద్ధతిలో ఉండేది: బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. కెనడాది ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకు సుమారు 29.97 బొమ్మలు. వీహెచ్‌ఎస్ టేపు నడిచే వేగం కూడా వేరే. మామూలు రికార్డింగులో ఎన్‌టీఎస్‌సీ టేపు సెకనుకు 33.35 మిల్లీమీటర్లు కదిలితే, ప్యాల్ టేపు 23.39 మాత్రమే కదులుతుంది. అందుకే గుంటూరులో తీసిన పెళ్లి క్యాసెట్టును ఇక్కడి మామూలు వీసీఆర్‌లో పెడితే బొమ్మ దొర్లిపోతుంది, మంత్రాలు వింతగా వినిపిస్తాయి. అంతమాత్రాన టేపు పాడైందని పారేయకండి. పెళ్లి అందులో భద్రంగానే ఉండవచ్చు, చదవగల యంత్రం దొరకాలి అంతే.

టేపు: ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత రేణువులను పట్టి ఉంచేది ఒక జిగురు పొర. తేమ తగిలితే ఆ పొర మెత్తబడుతుంది. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తోందంటే బూజు పట్టినట్టే. దాన్ని వీసీఆర్‌లో పెట్టకూడదు, బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాతి టేపులకూ పాకుతుంది. అలాంటిది నిపుణులకే ఇవ్వాలి. చలికాలంలో గరాజ్‌లోంచి తెచ్చిన టేపును వెంటనే నడపవద్దు, వెచ్చటి గదిలో దానికి చెమ్మ పడుతుంది. సంచిలో మూసి లోపలికి తెచ్చి, అలాగే ఒక రోజు ఉంచి, తర్వాత తీయండి.

తగిన వీసీఆర్: ప్యాల్ టేపుకు రెండు పద్ధతులనూ చదవగల మల్టీసిస్టమ్ వీసీఆర్ కావాలి. లేదా ఊరి నుంచి పాత వీసీఆర్ తెప్పించుకుంటే, ఇక్కడి 120 వోల్టులను 230కి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కూడా కావాలి. వీసీఆర్‌ల తయారీలో చివరిదాకా నిలిచిన ఫునాయ్ సంస్థ 2016లో ఆ పని ఆపేసింది. ఇక మిగిలినవన్నీ పాతవే, కాబట్టి ఆలస్యం పనికిరాదు. మంచి యంత్రం ఇంట్లో లేకపోతే గ్రంథాలయాన్ని అడగండి. వాంకూవర్ సెంట్రల్ లైబ్రరీలో 2015లో తెరిచిన ఇన్‌స్పిరేషన్ ల్యాబ్‌లో ఇలాంటి మార్పిడికి ఏర్పాట్లున్నాయి.

క్యాప్చర్ పరికరం: టేపు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని అంకెలుగా మార్చేది ఇదే. ఈ విద్యను ఇళ్లకు చేర్చడంలో కెనడా పాత్ర చిన్నది కాదు. ఒంటారియోలోని ఏటీఐ సంస్థ 1996లో ఆల్-ఇన్-వండర్ కార్డు తెచ్చింది, మాంట్రియల్ పక్కన డోర్వాల్‌లోని మాట్రాక్స్ మార్వెల్ కార్డులు చేసింది. ఇప్పుడు యూఎస్‌బీ పరికరాలు వచ్చాయి. వీసీఆర్‌కు ఎస్-వీడియో ఉంటే పసుపు ప్లగ్గు బదులు అదే వాడండి, వెలుగూ రంగూ విడివిడిగా వస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో పద్ధతి సరిగ్గా ఎంచుకోండి: ప్యాల్‌కు 720×576, ఎన్‌టీఎస్‌సీకి 720×480. పాత టేపు సంకేతం నిలకడగా ఉండదు. పరికరం మధ్యలో బొమ్మలు వదిలేస్తే, మాటకూ పెదవికీ పొంతన పోతుంది. టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న వీసీఆర్ ఈ తడబాటును సరిచేస్తుంది.

కంప్యూటర్‌లోకి: నేరుగా డిస్కుకు ఎక్కించే సదుపాయం ఉన్నా, ముందు పెద్ద ఫైలుగా దించుకోవడమే మేలు. డీవీ (డిజిటల్ వీడియో) రూపంలో గంట వీడియో దాదాపు 13 జీబీ అవుతుంది. అది బరువు కాదు, భరోసా.

డిస్కు: మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. గంట వీడియో నిండుగా పడుతుంది, రెండు గంటలు సర్దుకుంటాయి. ఆరు గంటలు కుక్కితే తలంబ్రాలు పోసే వేళ అక్షతలన్నీ చదరపు మచ్చలుగా అలుక్కుపోతాయి. డిస్కులన్నీ ఒకే కాలం మన్నవు. బంగారు పొర ఉన్న డీవీడీ-ఆర్‌కు ఒట్టావాలోని కెనడియన్ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ 50 నుంచి 100 ఏళ్ల ఆయువు అంచనా వేసింది, చెరిపి రాసే డీవీడీ-ఆర్‌డబ్ల్యూకు 5 నుంచి 10 ఏళ్లే.

తాత్పర్యం: వాక్యం డిస్కుతో ముగిసినా, ఖర్చూ ఓపికా ముందరి మాటల మీదే పెట్టాలి. టేపు నడిచేటప్పుడు జారిపోయిన వివరాన్ని ఏ డిస్కూ తిరిగి ఇవ్వలేదు. బాగా దించుకున్న ఫైలు ఉంటే మాత్రం ఎన్ని డిస్కులైనా చేసుకోవచ్చు. డిస్కు బంధువులకు పంచండి, ఫైలును రెండు హార్డ్ డ్రైవుల్లో వేర్వేరు ఇళ్లలో దాచండి. మొదలు మాత్రం ప్యాల్ టేపులతోనే పెట్టండి. వాటిని చదివే యంత్రాలు ఈ దేశంలో ముందే అరుదు.