డెల్టా పట్టణాల ఉన్నత పాఠశాలల్లో విద్యార్థి సమాజాలు, పోటీలు, క్రీడలు (1880–1925): ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇరవయ్యవ శతాబ్ది తొలి పాదంలో కృష్ణా, గోదావరి డెల్టా పట్టణాల పాఠశాలల్లో పాఠ్యపుస్తకానికి వెలుపల మరొక చదువు సాగింది. నాటక ప్రదర్శన, వక్తృత్వం, కసరత్తు, ఆటలు, గ్రంథాలయం దాని అంగాలు. ఈ కార్యక్రమాలు తెలుగు భాషకు ఎటువంటి చోటు కల్పించాయి? ప్రభుత్వం వాటిని ఎందుకు అనుమానించింది? వాటిలో పాల్గొనే అవకాశం ఎవరికి దక్కింది? ఈ మూడు ప్రశ్నలను ఏలూరు, కొల్లేటి ప్రాంతాలనూ పరిసర పట్టణాలనూ దృష్టిలో ఉంచుకొని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉన్నత పాఠశాల, విద్యార్థి సమాజం, నాటకం, క్రీడలు, చెడుగుడు, ఏలూరు, కొల్లేరు.

1. ప్రవేశిక

ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తయ్యాయి. గోదావరి నుంచి వచ్చే కాలువా, కృష్ణ నుంచి వచ్చే కాలువా ఏలూరు దగ్గర కలిశాయి. పంట నీటితోపాటు పడవ ప్రయాణమూ సాధ్యమైంది. తరువాతి దశాబ్దాల్లో బెజవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం, రాజమహేంద్రవరాలను రైలుమార్గం కలిపింది. మాగాణి ఆదాయం పెరిగిన కుటుంబాలు పిల్లలను ఇంగ్లీషు చదువులకు పట్టణాలకు పంపసాగాయి. చర్చి మిషనరీ సొసైటీ 1843లో బందరులోను, 1854లో ఏలూరులోను విద్యాకృషి ప్రారంభించింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేనాటికి ఈ ప్రాంతంలో ఉన్నత పాఠశాల ఒక సామాజిక సంస్థగా స్థిరపడింది.

ఈ పాఠశాలల చరిత్రను సాధారణంగా స్థాపకుల పేర్లతోను, పరీక్షా ఫలితాలతోను చెబుతారు. అక్కడ చదివినవారి ఆత్మకథలలో కనిపించే దృశ్యం వేరు. చిలకమర్తి లక్ష్మీనరసింహం, టంగుటూరి ప్రకాశం వంటివారి స్వీయచరిత్రల్లో నాటకానికీ, స్నేహబృందాలకూ గణనీయమైన స్థానం ఉంది. అందువల్ల పాఠశాల చరిత్రను తరగతి గది దగ్గరే ఆపకూడదు.

2. నాటకం: విద్యార్థుల తొలి రంగస్థలం

డెల్టాలో విద్యార్థి ప్రదర్శనలకు 1880 ముఖ్యమైన సంవత్సరం. ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరంలో ప్రదర్శనలిచ్చి వెళ్ళిన తరువాత, అక్కడి పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం తమ విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించారు. న్యాయవాదుల అక్రమాలను అధిక్షేపించే ఈ రచనలో పాత్రలు వాడుక భాషలో మాట్లాడతాయి. తరగతి గదిలో వ్యాకరణబద్ధమైన గ్రాంథికాన్ని చదివే బాలుడు వేదికపై తన వీధిలోని భాషను పలికాడు. తెలుగు వాడుక భాష విద్యాసంస్థ నీడలోనే బహిరంగంగా వినిపించిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

రెండవ ఉదాహరణ ఇమ్మానేని హనుమంతరావు నాయుడుది. ఒంగోలులో ఉపాధ్యాయులైన ఆయన నాటకాభిమాని. ప్రకాశం ఆయన ఆదరణలోనే నాటకాలాడి, ఆయన వెంటనే రాజమహేంద్రవరం చేరి చదువు కొనసాగించారు. ఇక్కడ నాటకం కేవలం వినోదం కాదు, పేద విద్యార్థి చదువును నిలబెట్టిన ఆధారం కూడా. ఆ నాటక సమాజం కోసమే చిలకమర్తి ‘కీచకవధ’ రచించారు. అది 1889లో ప్రదర్శితమైంది. చిలకమర్తి 1867లో ఖండవల్లిలో జన్మించారు. చిన్ననాటినుంచి ఆయనకు రేచీకటి. సహపాఠులు పాఠాలు చదివి వినిపిస్తే ఆయన గ్రహించేవారు. సాయంకాలపు ఆటలూ, రాత్రి ప్రదర్శనలూ కష్టమైన విద్యార్థే డెల్టా రంగస్థలానికి రచయిత కావడం గమనార్హం. ఆయన చదువుకు స్నేహబృందం కన్నుగా నిలిచింది. విద్యార్థి సమాజమనే మాటకు తొలి అర్థం నియమావళి, అధ్యక్షుడు, కార్యదర్శి ఉన్న సంఘం కాదనీ, ఇటువంటి పరస్పర సహాయమేననీ దీనివల్ల తెలుస్తుంది.

3. సభ, వక్తృత్వం, అనుమానం

పాఠశాల వక్తృత్వ సభ బ్రిటిష్ విద్యావిధానం తెచ్చిన ఏర్పాటు. విద్యార్థికి సభామర్యాద నేర్పడం దాని లక్ష్యం. ఒక తీర్మానాన్ని ప్రతిపాదించడం, ఎదుటివారిని ఖండించడం, ఓటు వేయడం నేర్చిన బాలుడు ఆ విద్యను పాఠశాల గోడల మధ్యే వాడతాడన్న హామీ మాత్రం లేదు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు ఈ వైరుధ్యం బయటపడింది. రాజమహేంద్రవరంలో వందేమాతరం బిళ్ళలు ధరించిన విద్యార్థులపై ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ చర్య తీసుకున్నారు. ట్రైనింగు కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కృతులయ్యారు. అదే సంవత్సరం కాకినాడలో వందేమాతరమన్న బాలుణ్ణి కెంప్ అనే దొర కొట్టినందుకు పట్టణమే అట్టుడికింది. ఆ ఏడే వచ్చిన రిస్లే సర్క్యులర్ విద్యార్థులు, ఉపాధ్యాయులు రాజకీయ సభలలో పాల్గొనడాన్ని కట్టడి చేసింది.

దీనికి రెండు రకాల ప్రతిస్పందనలు వచ్చాయి. ఒకటి, ప్రత్యామ్నాయ విద్యాసంస్థల స్థాపన. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. వీరిలో పట్టాభి ఏలూరు సమీపంలోని గుండుగొలనులో జన్మించినవారే. 1921లో గాంధీజీ ఏలూరు వచ్చిన సందర్భంలో అక్కడ కూడా జాతీయ విద్యాలయం వెలసింది. రెండవది, రాజకీయానికి బదులు సాహిత్యం. భాషపై వివాదం కూడా ఈ కాలంలోనే తీవ్రమైంది. 1911లో జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించగా, గిడుగు రామమూర్తి వ్యాసరచనలో వాడుక భాషకు అనుమతి కోరారు. విద్యార్థి ఏ తెలుగులో రాయాలన్నది పెద్దల వాదమైతే, ఏ తెలుగులో మాట్లాడితే సభికులకు చేరుతుందన్నది విద్యార్థి నిత్యం ఎదుర్కొన్న ప్రశ్న. ఉపన్యాస వేదిక ఆ ప్రశ్నకు ప్రయోగశాల అయింది.

4. కసరత్తు, ఆటలు

నాటి పాఠశాలల్లో శరీర శ్రమను డ్రిల్లు రూపంలో మొదట ప్రవేశపెట్టారు. వరుసలో నిలబడటం, ఆజ్ఞకు కదలటం దాని సారం. దేశీయ వ్యాయామానికి గౌరవం తెచ్చినవారిలో కోడి రామమూర్తి నాయుడు ప్రముఖులు. మదరాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసిన ఆయన, తరువాత మల్లయోధులుగా ప్రఖ్యాతి పొందారు. 1917లో అనీబిసెంట్ మదరాసులో భారతీయ బాలుర స్కౌటు సంఘాన్ని ప్రారంభించారు. 1920లో హెచ్.సి. బక్ అక్కడే వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాసంస్థను స్థాపించారు. దీనితో శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయుడనే కొత్త ఉద్యోగి మదరాసు రాజధాని పాఠశాలలకు లభించాడు.

ఆటల మధ్య కూడా అంతరం ఉంది. క్రికెట్టుకు బ్యాటు, బంతి, చదునైన మైదానం కావాలి. చెడుగుడుకు నేలమీద గీసిన గీత, ఊపిరి చాలు. గూటీబిళ్ళకు కర్రముక్కలు, కోతికొమ్మచ్చికి చెట్టు చాలు. అయినా పాఠశాల ‘క్రీడలు’గా లెక్కించిన జాబితాలో కొనుక్కోవలసిన ఆటలకే అగ్రస్థానం. చెడుగుడును 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంలో విదేశీయుల ఎదుట ప్రదర్శించేదాకా దాని విలువ విద్యావంతుల దృష్టికి పూర్తిగా రాలేదనవచ్చు.

ఇందులో మరొక సూక్ష్మం ఉంది. చెడుగుడు తాకితేనే సాగే ఆట. తాకిన చేయి ఎవరిదన్న ప్రశ్న ఉన్న సమాజంలో ఆ ఆట నియమమే ఒక సవాలు. క్రికెట్టులో శరీర స్పర్శ అవసరం లేదు. అయినా అక్కడ వివక్ష ఆట విరామంలో బయటపడింది. పూనాలో హిందూ జట్టుకు బౌలింగు చేసిన దళిత క్రీడాకారుడు పల్వంకర్ బాలూకు మైదానంలో బంతి ఇచ్చినవారే పెవిలియన్ వెలుపల విడిగా టీ ఇచ్చారు. ఎంత ప్రతిభ చూపినా హిందూ జట్టు నాయకత్వం ఆయనకు దక్కలేదు. ఆట సమానత్వాన్ని దానంతట అదే తేదని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

5. గీతకు అవతలివారు

డెల్టా పాఠశాలల విషయంలోనూ ఇదే ప్రశ్న వేయాలి. బందరులో నోబుల్ దొర తొలినాళ్ళలో తమ పాఠశాలలోకి అంటరానివారిగా ఎంచబడిన కులాల పిల్లలను చేర్చుకోలేదు. తరగతిలో చోటు లేనివారికి జట్టులో చోటు ఉండదు. బాలికల విషయం కూడా అంతే. స్త్రీ పాత్రలను సైతం బాలురే ధరించారు.

చేరినవారిలోనూ అందరికీ సాయంకాలం ఒకటి కాదు. వారాలు చేసుకొని చదివే బాలుడు ఆ రోజు ఏ ఇంట భోజనమో ఆ ఇంటికి వేళకు చేరాలి. కాలువ మీద పడవకు వెళ్ళవలసినవాడికి పడవ వేళే బడి విడిచే వేళ. కొల్లేటి లంక గ్రామాల స్థితి మరీ కష్టం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదనీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయేలోగా సరస్సు ఉబ్బి దారులను ముంచుతుంది. కాబట్టి గంట కొట్టిన తరువాత నిలిచి ఆడటం పట్టణంలో ఇల్లు, భోజనం ఉన్నవారి సౌకర్యం. పోటీలో గెలిచినవారి పేర్లు చదివేటప్పుడు పోటీ వేళకు అక్కడ ఉండగలిగినవారెవరో ముందుగా అడగాలి.

ఈ లోటును కొంత పూరించింది గ్రామ గ్రంథాలయం. భీమవరం సమీపంలోని కుముదవల్లిలో 1897లోనే వీరేశలింగ కవిసమాజ గ్రంథాలయం వెలసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఊరికి తిరిగివచ్చిన విద్యార్థి తాను పట్టణంలో నేర్చిన సభా పద్ధతిని వినియోగించడానికి ఇటువంటి చోట్లు అనువైనవి.

6. ముగింపు

పై చర్చవల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. తరగతి గది ఇవ్వని చోటును నాటకం, సభ వాడుక తెలుగుకు ఇచ్చాయి. విధేయత నేర్పడానికి ఉద్దేశించిన సభావిద్యే 1907 నాటికి ప్రభుత్వానికి భయకారణమైంది. అయితే ఈ స్వేచ్ఛ కులం, లింగం, భోజనం, దూరం అనే నాలుగు గీతల లోపలే చాలాకాలం సాగింది. డెల్టా పాఠశాలల చరిత్రను ఇకముందు రాసేవారు బహుమతి పట్టికలతోపాటు పడవల వేళలను, వారాల ఇళ్ళను, వరదల నెలలను కూడా ఆధారాలుగా స్వీకరించాలి. అప్పుడే ఆ మైదానంలో ఆడినవారితోపాటు గట్టున నిలబడి చూసినవారు, గట్టుదాకా రాలేనివారు కూడా చరిత్రలోకి వస్తారు.